ఏట్టయ్య నేర్పిన చప్పుడు

కారు మా సందు దాటి కడలూరు రోడ్డెక్కగానే, డ్రైవరు ముందున్న పలక మీద ఎర్రదీపం ఒకటి వెలిగి, టింగు టింగుమని మోగడం మొదలుపెట్టింది. అతను అద్దంలోంచి నన్ను చూసి, "మేడం, మీ వైపు డోరు సరిగ్గా పడలేదు" అన్నాడు. అప్పుడు గుర్తుకొచ్చింది, తలుపు వేసినప్పుడు నా చెవికి వచ్చింది సగం చప్పుడే. చివరిదాకా మూసుకున్న తలుపు చప్పుడు వేరు, దగ్గరికి వచ్చి ఆగిపోయిన తలుపు చప్పుడు వేరు. ఆ తేడా నాకు నేర్పిన మనిషి పదహారో రోజు కర్మకే నేను బయల్దేరాను. అదేం విచిత్రమో, సరిగ్గా ఆ పూటే నా చెయ్యి పాత అలవాటుకు పోయింది. భయం వేసినా దుఃఖం వచ్చినా నా చెయ్యి అలాగే చేస్తుంది, చిన్నప్పటి ఇంట్లోకి వెళ్ళిపోతుంది. కారు పక్కకు ఆపించి, తలుపు తెరిచి, మళ్ళీ గట్టిగా లాగి వేశాను. దీపం ఆరింది.

ఆయన పేరు ఆర్. గోవిందసామి. పోలీసు ఆయుధాల గదిలో హెడ్ కానిస్టేబులు. హెడ్ కానిస్టేబుల్ని మా పుదుచ్చేరిలో ఏట్టయ్య అంటారు. ఊళ్ళో ఏట్టయ్యలు ఎందరున్నా, నాతోపాటు కానిస్టేబుళ్ళుగా చేరిన మా బ్యాచి వాళ్ళకి ఏట్టయ్యంటే ఆయనొక్కడే. తుపాకులు పొద్దున లెక్కపెట్టి ఇవ్వడం, సాయంత్రం తీసుకుని శుభ్రం చేయించడం, చెడిపోయినవి బాగుచేయడం ఆయన పని. పొట్టి మనిషి. ఖాకీ చొక్కా మీద ఎప్పుడూ ఎక్కడో ఒకచోట నూనె మరక. కళ్ళజోడు జారిపోకుండా దారం కట్టుకునేవాడు. ఏళ్ళ తరబడి పేలే తుపాకుల పక్కన నిలబడి కుడి చెవి సగం పోయింది గానీ ఎడమది పాముచెవి. మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక కుర్చీలోనే కునుకు తీసేవాడు. చుట్టూ పదిమందిమి కూర్చుని రైఫిళ్ళు విప్పి, బిగించి, నానా రభసా చేస్తున్నా ఆయనకు పట్టేది కాదు. పాపం పెద్దాయన పడుకున్నాడు కదా అని జాలిపడి, ఒకరికొకరం సైగ చేసుకుని మేం చప్పుడు ఆపామా, ఉలిక్కిపడి లేచేవాడు. "ఏంది, ఎందుకు నిలిపేసినారు? ఏం విరగ్గొట్టినారు?" అని కేకలు. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం.

ఆయన ఆ కేకలన్నీ తమిళంలోనే వేసేవాడు, గదిలో అందరి మాటా అదే కాబట్టి. ఆయనకు తెలుగు వచ్చని నాకు తెలీదు, నేను తెలుగుదాన్నని ఆయనకు తెలీదు. ఒకరోజు వరండాలో నిలబడి ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతుంటే వెనకనుంచి వచ్చి, నేను ఫోను పెట్టేదాకా ఆగాడు.

"ఏంది పాపా, నువ్వు మనోళ్ళ పిల్లవా? యాడ మీ ఇల్లు?"

"వైతికుప్పం వెనక సందు, ఏట్టయ్యా."

"మాది కిరుమాంబాక్కం. మా తాతలు ఎప్పుడో వచ్చి సేద్యం పెట్టినారంట. యాడనించి వచ్చినారో, ఎందుకొచ్చినారో మా ఇంట్లో ఒకరికీ తెలీదు. వచ్చినాం, ఉండాం. సరి, పని చూడు."

అంతే. ఆ రోజునుంచి మా ఇద్దరి మధ్యా ఆయన తెలుగే, సగం తమిళం కలిసిన మా ఇళ్ళ తెలుగు. అది మా నోట్లో ఉండేదే గానీ చేతికి రాదు. ఆయనకూ నాకూ తెలుగు అక్షరం ఒక్కటి తెలీదు. ఇప్పుడిది రాస్తున్నానంటే, తర్వాత నాకు యానాం బదిలీ అయి, అక్కడ పక్కింటి టీచరమ్మ దగ్గర వాళ్ళ పిల్లలతోపాటు కూర్చుని దిద్దుకోబట్టి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆయన దగ్గర పని నేర్చుకోవాలంటే ముందు పేర్లు రావాలి. బల్ల మీద పాత తెల్ల పంచె ముక్క పరిచి, పిస్తోలు విప్పి, ఒక్కొక్క భాగాన్నీ వరసగా పేర్చేవాడు. "దీని పేరేంది?" అని వేలు పెట్టేవాడు. నేను "ఆ పైది" అంటే, "పైది అని నీకు ఎవురైనా పేరు పెడితే పలుకుతావా?" అనేవాడు. పైన ఉక్కుతో చేసిన భాగం స్లైడు. తూటా పేలిన ప్రతిసారీ వెనక్కి వెళ్ళి, ఖాళీ గుల్లను బయటికి విసిరేసి, ముందుకొస్తూ ఇంకో తూటాను గొట్టంలోకి తోస్తుంది. తూటాలు ఉండే పెట్టె మ్యాగజీను. దాన్ని క్లిప్పు అన్నవాడి పని అయిపోయినట్టే. "క్లిప్పు ఈ పాప జడకుండాది, పోయి చూసుకో" అని గదంతా వినేలా అనేవాడు. ఇక ఆయనకు అన్నిటికంటే ముద్దైనది పిస్తోలు ఎడమ పక్కన ఉండే చిన్న మీట, స్లైడు స్టాపు. తూటాలు అయిపోగానే అది పైకి లేచి, స్లైడును వెనకే నిలబెట్టేస్తుంది. ఇక లోపల ఏమీ లేదు, కొత్త మ్యాగజీను పెట్టుకో అని చెప్పడం అన్నమాట. "ఇది వాకిట్లో కూర్చోనుండే అవ్వ. ఆపుతుంది, అడుగుతుంది. అది దాని పని" అనేవాడు ఏట్టయ్య.

అసలు గొడవంతా ఆ అవ్వతోనే వచ్చింది. కొత్త మ్యాగజీను పెట్టాక, వెనక ఆగివున్న స్లైడును మళ్ళీ ముందుకు పంపాలి కదా. మాకు కాల్పులు నేర్పే ఎస్సై గారు ఆ మీటను బొటనవేలితో కిందికి నొక్కమనేవారు. నొక్కితే స్లైడు ఎగిరి ముందుకు పడుతుంది, క్షణంలో పని అయిపోతుంది. ఏట్టయ్యకు ఇది నచ్చేది కాదు. ఆయన దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో అరిగిపోయిన స్లైడు స్టాపులు. ఒకటి తీసి నా అరచేతిలో పెట్టి, గోటితో అంచు తడమమన్నాడు. పదునుగా ఉండాల్సిన అంచు నున్నగా పోయింది. "దీని పేరు స్టాపు. ఆపేదాన్ని పట్టుకోని నువ్వే వదలమ్మా, నువ్వే వదలమ్మా అంటే, వదుల్తుంది. అరిగిపోయినాక ఆపమన్న రోజు ఆపదు" అన్నాడు. ఎస్సై గారి పద్ధతి తప్పని కాదు. ఆయన బొటనవేలు పొడుగు, ఆయనకు కుదిరింది. నా వేలు ఆ మీటకు అందదు. అందించుకోవాలంటే పిస్తోలును చేతిలో పక్కకు తిప్పాలి, తిప్పితే గురి పోతుంది.

"నీకు వేలు వొద్దు పాపా, గుప్పిట చాలు" అన్నాడు ఏట్టయ్య. ఎడమచెయ్యి పైనుంచి వేసి, స్లైడు వెనక భాగంలో గీతలున్న చోట పిడికిలితో పట్టుకోవాలి. ఆగివున్న స్లైడు వెనక ఇంకా కొంచెం జాగా ఉంటుంది. అంతదాకా లాగగానే స్టాపు దానంతటదే కిందికి దిగుతుంది. అప్పుడు వదిలెయ్యాలి. స్ప్రింగు దాన్ని ముందుకు తీసుకుపోతుంది. "ఏ కంపెనీ పిస్తోలైనా, చెయ్యి చెమట పట్టినా, ఇది మోసం చెయ్యదు. లాగినాక స్లైడు ముందుకు పోవాల, నీ చెయ్యి నీ భుజానికి రావాల. ఇద్దరూ చెరో దారి" అని చేసి చూపించాడు. గదిలో టప్‌మని ఒక్క చప్పుడు. "ఆఁ, పడింది" అన్నాడు తనకు తానే.

కానీ నాకు ఏట్టయ్య మెప్పు దొరికింది ఈ పని వల్ల కాదు, దీనికి సరిగ్గా ఎదురు పని వల్ల. సాయంత్రం పిస్తోళ్ళు తిరిగి వచ్చినప్పుడు ఖాళీగా ఉన్నాయో లేదో చూసి మూసి పెట్టాలి. ఖాళీ పిస్తోలు స్లైడును వదిలెయ్యకూడదు. మధ్యలో తూటా లేదు కాబట్టి ఉక్కు వెళ్ళి ఉక్కునే కొట్టుకుంటుంది. చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు తీసుకుపోవాలి. మగపిల్లలు వినేవాళ్ళా, ఠపీఠపీమని వదిలేవాళ్ళు, ఏట్టయ్య పళ్ళు కొరికేవాడు. నేను మూస్తే మాత్రం పక్కనున్నవాళ్ళకు కూడా వినపడేది కాదు. "చూడండ్రా ఈ పాప చెయ్యి! పసిబిడ్డను పండుకోబెట్టినట్టు మూస్తుంది" అని అందరినీ పిలిచి చూపించేవాడు. నాకు లోపల ఒకటే పొంగు. ఇంకా మెల్లగా, ఇంకా నిశ్శబ్దంగా మూయడం మొదలుపెట్టాను.

ఆ చెయ్యి నాకు మా ఇంట్లో వచ్చింది. మా నాయన మిల్లులో రాత్రి షిఫ్టు నేతపని చేసేవాడు. మాది ఒకటే గది, దాని వెనక వంటకు ఒక చీకటి మూల. నాయన పొద్దున వచ్చి, చాప పరుచుకుని, మధ్యాహ్నం దాటేదాకా ఆ గదిలోనే పడుకునేవాడు. అందుకని చప్పుడు లేకుండా బతకడం మా ఇంటి చదువు. తలుపు గడియను పైకెత్తి పట్టుకుని జరిపేవాళ్ళం. గిన్నెలు గుడ్డ మీద దించేవాళ్ళం. ట్రంకుపెట్టె మూతను రెండు చేతులతో పట్టుకుని, చివరి అంగుళం దాకా దానితోపాటు వంగేవాళ్ళం. నేనూ మా తమ్ముడూ తుమ్మొస్తే దిండులోకి తుమ్మేవాళ్ళం. తర్వాత మిల్లు మూతపడింది. నాయన మార్కెట్టు దగ్గర సైకిలు స్టాండులో పగటి పనికి కుదిరాడు. ఇక ఇంట్లో పగలు పడుకునేవాళ్ళే లేరు. అయినా మా నలుగురిలో ఒక్కరం కూడా తలుపు చప్పుడయ్యేలా వెయ్యలేదు. అలా వెయ్యొచ్చన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

ఆయుధాల గదిలో శిక్షణ పూటలు పోగా, అప్పట్లో నా ఉద్యోగం స్టేషన్లో వాకిలి దగ్గర బల్ల ముందు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ఫిర్యాదు రాసుకోవడం, టీ తెప్పించడం. నాకది ప్రాణం విసిగిపోయింది. మంత్రుల్లాంటి పెద్దవాళ్ళ రక్షణకు వెళ్ళే దళంలో మొదటిసారి ఆడవాళ్ళను తీసుకుంటామన్నారు. పిస్తోలు పరీక్ష పాసవ్వాలి. రెండే అవకాశాలు, రెండూ పోతే మళ్ళీ బల్ల దగ్గరికే, ఇక జన్మలో అడగడానికి లేదు. అయిదు తూటాలు కాల్చి, ఖాళీ మ్యాగజీను వదిలేసి, కొత్తది పెట్టి, మళ్ళీ అయిదు కాల్చాలి. గడియారం చూస్తుంటారు. నా గురి మీద నాకు బెంగ లేదు. మొదటి అయిదూ నల్లటి వృత్తంలోనే పడ్డాయి. మ్యాగజీను మార్చాను. ఎడమచెయ్యి పైనుంచి వేసి లాగాను. ట్రిగ్గరు నొక్కితే ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. ఏమీ లేదు. కంగారులో ఆ తూటా పారేసి మరోసారి లాగి మూశాను, మళ్ళీ అదే. నా టైము అయిపోయిందని ఈల వేసేశారు. పక్క వరసలో అందరూ కాలుస్తూనే ఉన్నారు, నేనొక్కదాన్నీ బొమ్మలా నిలబడ్డాను.

పనిముట్ల పెట్టెతో వెనక బల్ల మీద కూర్చున్న ఏట్టయ్య లేచి వచ్చాడు. పిస్తోలు గొట్టం ఇసుకమేట వైపే ఉంచి, స్లైడు వెనక అరచేత్తో చిన్నగా తట్టాడు. టిక్‌మని గోరంత ముందుకు జరిగి మూసుకుంది. "ఇంతే మిగిలిండాది" అన్నాడు. స్లైడు చివరిదాకా మూసుకుంటే తప్ప పిస్తోలు పేలదు. ఎస్సై గారు మంచివారే. "నువ్వు మీట నొక్కు, లాగు, నీ ఇష్టం. నేను చూసేది టైమూ గురీ. పదిహేను రోజుల తర్వాత రా. అప్పుడూ ఇంతేనైతే నా చేతిలో ఏమీ లేదమ్మా" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఏట్టయ్య నా పక్కన కూర్చున్నాడు.

"తప్పు నాది పాపా" అన్నాడు.

"మీదేముంది ఏట్టయ్యా, నాకే చేతకాలేదు."

"నేను వింటానే ఉండా. నువ్వు లాగినావు, బాగానే లాగినావు. వదల్లే. దాంతో కూడా తోడు పోయినావు. స్ప్రింగుకు ఉండే బలమంతా నీ చెయ్యి తినేసింది. ఖాళీ పిస్తోలు మూసే చెయ్యిని నేను పొగిడి పొగిడి, నిండు పిస్తోలు మూసే చెయ్యిని పాడుచేసినా."

పెద్దవాళ్ళు అలా ఒప్పుకోవడం నేను చూసి ఎరగను. మా శాఖలో అయితే అసలే ఎరగను. నాకు ఏడుపొచ్చింది, పరీక్ష పోయినందుకు మాత్రం కాదు.

మర్నాటినుంచి మొదలైంది నా శిక్షణ. ఆయుధాల గదిలో ఒక పాత ఇనుప బీరువా ఉండేది, తుప్పు పట్టిన తలుపు, విసిరి కొడితే తప్ప పడదు. "పోయి దాన్ని వెయ్" అన్నాడు. నేను మెల్లగా నెట్టాను, తెరుచుకుంది. మళ్ళీ నెట్టాను, మళ్ళీ తెరుచుకుంది. "అది నీకు మర్యాద ఇస్తా ఉండాది, నువ్వు దానికి ఇస్తా ఉండావు. ఇట్లయితే దీపావళి దాకా ఇద్దరూ ఇట్లే నిలబడుకోనుంటారు" అన్నాడు. రోషం వచ్చి విసిరికొట్టాను. గది అదిరింది. పైఅంతస్తులోంచి గుమాస్తా ఒకాయన చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి, ఏదో పేలిందనుకుని గుమ్మం బయటే ఆగిపోయాడు. ఏట్టయ్య ఆయనకు టీ తెప్పించి పంపించాడు. ఆ వారమంతా రోజుకు రెండు టీలు ఖర్చయ్యాయి.

బీరువాతో కుదిరింది. పిస్తోలుతో కుదరలేదు. ఉత్తుత్తి తూటాలు నింపి ఇచ్చేవాడు. తొందర లేనప్పుడు బాగానే వదిలేదాన్ని. ఆయన గడియారం చేతిలో పట్టుకుని "ఊఁ" అనగానే నా చెయ్యి మళ్ళీ స్లైడును పట్టుకుని ముందుదాకా సాగనంపి వచ్చేది. నేను చెయ్యడం కాదు, చెయ్యే వెళ్ళిపోయేది. పరీక్ష మూడు రోజుల్లోకి వచ్చింది. ఏట్టయ్య గడియారం జేబులో పెట్టుకుని, కళ్ళజోడు నుదుటిమీదికి ఎత్తి నన్ను చూశాడు.

"ఎవురు పండుకోనుండారు పాపా?"

నాకు అర్థం కాలేదు.

"ఎవురో పండుకోనుండినట్టు చేస్తా ఉండావు. ఎవురు?"

అప్పుడు చెప్పాను, మా నాయన సంగతీ, చాపా, ట్రంకుపెట్టే, దిండులోకి తుమ్మడమూ. ఆయన మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి అడిగాడు. "మగ్గాల కాడ పని అంటివి కదా. రేయంతా ఆ మిషన్ల సద్దులో ఉండినోడు. ఇంటికి పోయి మీ నాయన్ను అడుగు, చప్పుడుకు మెలుకువ వస్తా ఉండెనా అని."

"అదేం ప్రశ్న ఏట్టయ్యా? పడుకున్నవాళ్ళకు చప్పుడైతే మెలకువ రాదా?"

"నేను మధ్యాన్నం ఎట్ల పండుకుంటానో నువ్వు చూళ్ళే?" అన్నాడు.

అడగడానికి నాకు నోరు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం నాయన భోంచేసి, పేపరు మొహం మీద వేసుకుని నడుం వాల్చాడు. నేను ట్రంకుపెట్టె తెరిచాను. మూతను పైదాకా ఎత్తి, కళ్ళు మూసుకుని, వదిలేశాను. ఆ ఇంట్లో అంత చప్పుడు నా జన్మలో వినలేదు. అమ్మ వంటమూలలోంచి గరిటెతో సహా వచ్చింది. నాయన లేచి కూర్చున్నాడు. కోపం లేదు, మొహంలో ఏదో వింత.

"ఏమాయె పాపా?"

"ఊరికే నాయనా. నువ్వు రాత్రి షిఫ్టుకు పోయేటప్పుడు, పగలు మేం చప్పుడు చేస్తే నీకు మెలకువ వచ్చేదా?"

నాయన పేపరు మడిచాడు. మళ్ళీ మడిచాడు. "చప్పుడు యాడ చేసినారు మీరు? రేయంతా మగ్గాల సద్దు. ఇంటికొచ్చి పండుకుంటే మీరు ఊపిరి బిగబట్టుకోని తిరుగుతా ఉంటిరి. ఆ నిశ్శబ్దానికి చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత. నిద్ర యాడనించి వస్తాది? కండ్లు మూసుకోని పండుకోనుంటి, అంతే."

"అన్నేళ్ళా? మాకు చెప్పకూడదా?"

"ఎట్ల చెప్పేది? అంతంత బిడ్డలు, తుమ్ము గూడా మింగుకోని నాకోసరం అంత జాగ్రత్తగా ఉంటిరి. వొద్దంటే మీ మనసు ఏమైపోవాల?"

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "విజిలు కొడుతుందని నేను ఇన్నేండ్లు కుక్కరు కొనుక్కోలేదే!" అంది. ఎవరు ముందు నవ్వామో గుర్తులేదు. నవ్వీ నవ్వీ, చూస్తే ముగ్గురి కళ్ళల్లోనూ నీళ్ళు. నిద్ర లేని మనిషి కోసం మేమంతా నిశ్శబ్దంగా ఉన్నాం, ఆ నిశ్శబ్దం కోసం ఆ మనిషి నిద్రపోతున్నట్టు నటించాడు. అంత ప్రేమ ఉన్న ఇంట్లో పుట్టినందుకు గర్వపడాలో, ఒక్కరమైనా నోరు విప్పనందుకు తల బాదుకోవాలో నాకు ఈనాటికీ తేలలేదు. కుక్కరు మాత్రం మర్నాడే కొన్నాం.

సోమవారం ఏట్టయ్య ఏమీ అడగలేదు. పిస్తోలు ఇచ్చి, గడియారం తీసి, "ఊఁ" అన్నాడు. లాగాను. నా చెయ్యి భుజం దగ్గరికి వచ్చేసింది. టప్‌మంది. ఆయన ఎడమ చెవి అటే తిప్పి ఉంచి, "ఆఁ, ఇప్పుడు పడింది" అన్నాడు. పరీక్షలో రెండో అయిదు తూటాలు ఎలా కాల్చానో నాకు గుర్తులేదు, ఆ ఒక్క చప్పుడు మాత్రం గుర్తుంది. ఎస్సై గారు కాగితం మీద టిక్కు పెట్టి, "ఇక ఆ బల్ల ఖాళీ చెయ్యి" అన్నారు. వెనక్కి తిరిగి చూస్తే ఏట్టయ్య కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. దగ్గరికి వెళితే, "పరవాలేదు. మ్యాగజీను కొంచెం ఆలస్యంగా తీసినావు" అన్నాడు. ఆయన అంతే, దండ వేసినా మెడకు సరిపోలేదనే రకం.

దళంలో నాలుగేళ్ళు చేశాక యానాం వేశారు. అక్కడ తెలుగు రాయడం వచ్చిన ఉత్సాహంలో, నా మొట్టమొదటి ఉత్తరం ఏట్టయ్యకే రాశాను, రెండు పేజీలు. పోస్టు చేశాక గుర్తొచ్చింది, ఆయనకు చదవడం రాదని. సెలవులో కిరుమాంబాక్కం వెళ్ళేసరికి ఆయన రిటైరై ఇంటి దగ్గర వేరుశనగ వేయిస్తున్నాడు. "ఏం పాపా, నాకు పరీక్ష పెట్టినావా? ఊరంతా తిరిగినా చదివేవోడు దొరకల్యా" అని మా అత్తను, అంటే ఆయన భార్య మంగమ్మను, పిలిచి డబ్బా తెప్పించాడు. లోపల అరిగిన ముక్కలేమీ లేవు. అవన్నీ ఆఫీసులో అప్పగించేశాడట. ఖాళీ డబ్బాలో నా ఉత్తరం ఒక్కటే ఉంది. "చదువు" అని ఎడమ చెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు. నేను రాసింది నేనే గట్టిగా చదవాల్సి వచ్చింది. నాయన తర్వాత నాయనంతటి వారు మీరు అన్న చోటు గబగబా దాటేశాను. ఆయన నేల చూస్తూ, "ఆ ముక్క చెవిలో సరిగ్గా పడల్యా. ఇంకోతూరి చదువు" అన్నాడు. ఎడమ చెవిలో పడకపోవడమా!

కిరుమాంబాక్కంలో ఆయన ఇంటి ముందు కారు ఆగేసరికి కర్మ దాదాపు అయిపోయింది. ఇంటినిండా జనం, అందరూ చెవుల్లో చెప్పుకున్నట్టు మాట్లాడుతున్నారు, మునివేళ్ళ మీద నడుస్తున్నారు. వాకిట్లో ఇనుపగేటు ఉంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాన్ని మెల్లగా దగ్గరికి వేసి పోతున్నారు. అది గడియ పడక మళ్ళీ తెరుచుకుంటోంది. వీధికుక్క రెండుసార్లు లోపలికి వచ్చి విస్తళ్ళు లాగింది. మంగమ్మత్త లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆమే అంది, "ఆయన ఉంటే ఎప్పుడూ ఏదో ఒకటి కొట్టుకుంటా, తట్టుకుంటా ఉంటాడు పాపా. ఇప్పుడు సద్దే లేదు. పదార్రోజులాయె, నాకు నిద్ర పట్టల్యా."

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు పిస్తోలు నేర్పేది నేనే. పంచె ముక్క పరుస్తాను, పేర్లు అడుగుతాను, క్లిప్పు అన్నవాళ్ళను ఏడిపిస్తాను. ఖాళీగా ఉన్నప్పుడు తోడు పొండి, నిండుగా ఉన్నప్పుడు వదిలెయ్యండి అని చెబుతాను. వదల్లేని పిల్లో పిల్లాడో కనపడితే కసరను. పక్కకు పిలిచి, మీ ఇంట్లో ఎవరు పడుకుని ఉన్నారని అడుగుతాను. అది అడిగే చెవి నాకు ఆయనే ఇచ్చి పోయాడు. ఇంత తెలిసి కూడా, ఆ ఇంట్లోంచి బయటికి వస్తూ గేటును మిగతావాళ్ళలాగే మెల్లగా దగ్గరికి వేశాను. అది తెరుచుకుంది.

వెనక్కి వెళ్ళాను. గేటు అంచును గుప్పిటతో పట్టుకుని, కడదాకా వెనక్కి లాగి, ఒక్క ఊపు ఇచ్చి వదిలేశాను. నా చెయ్యి భుజం దగ్గరికి వచ్చేసింది. వీధంతా దద్దరిల్లింది. పందిట్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు, ఎవరో "ఏందమ్మా, చావింటి కాడ" అని విసుక్కున్నారు. అంతలో లోపల గోడ దగ్గరనుంచి మంగమ్మత్త గొంతు, నేను వచ్చాక మొదటిసారి గట్టిగా, వినపడింది.

"ఆఁ, ఇప్పుడు పడింది."

కారెక్కి తలుపు వేశాను. దీపం వెలగలేదు.